కాలువలు కట్టేశారు, బాతులు వెళ్ళిపోయాయి – ఇక కెమెరా బీరువాలో పెట్టేయడమేనా?

కాలువగట్టు · ఏప్రిల్ 24, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి మా బావమరిది తన పాత కెమెరా, 150-600 లెన్సు నాకిచ్చేశాడు. అప్పట్నుంచీ ఆదివారం నేను ఇంట్లో కనపడట్లేదని మా ఆవిడ గొడవ.

జనవరి, ఫిబ్రవరిల్లో మా ఊరి పెద్దచెరువు నిండా సూదితోక బాతులే. కళ్ళు మూసుకుని నొక్కినా ఫొటో వచ్చేది. ఇప్పుడు చూస్తే చెరువు సగానికి దిగింది. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయాయి. కాలువ కట్టేసి, అంటే నీళ్ళు ఆపేసి, వారం. చేలో మోళ్ళు తప్ప ఏం లేదు, పొద్దున్న ఎనిమిదికే ఎండ మొహాన కొడుతోంది. అక్టోబరు దాకా ఆగడమేనా, ఏమైనా తియ్యొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతబైనాక్యులర్ · ఏప్రిల్ 24, రాత్రి 10:15

బాబూ, నేను ముప్పై ఏళ్ళు లాకుల మీద ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. కాలువ కట్టేసిన మొదటి పదిహేను రోజులూ పక్షులకి పెళ్ళి భోజనాలు. ఆ రోజుల్లో ఇంట్లో కూచుంటానంటున్నావ్ నువ్వు!

నీళ్ళు తియ్యగానే కాలువ అడుగంతా ఒకేసారి ఎండదు. లాకు కింద, వంతెన ఖానాల కింద, తూము నోటి దగ్గర మడుగులు మిగుల్తాయి. జెల్లలు, మట్టగిడసలు, కొర్రమీను పిల్లలు అన్నీ ఆ మడుగుల్లోకే చేరతాయి. పొద్దున్న ఐదున్నరకి ఏదో ఒక మడుగు దగ్గరికి పోయి చూడు. తెల్లకొంగలు మూడు రకాలు, గుడ్డికొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, పైన గరుడపక్షి. వలలు పట్టుకుని మనవాళ్ళు ఏడింటికి వస్తారు. ఆలోపే చూసెయ్యాలి.

కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ ఈ డెల్టాలో పక్షుల క్యాలెండరంటే కాలువల క్యాలెండరే. పంచాంగం చూసినట్టు కాలువ కట్టే తేదీ, వదిలే తేదీ చూసుకో.

మడఅడవి · ఏప్రిల్ 24, రాత్రి 11:02

బాబాయిగారి మాటకి ఇంకోటి కలుపుతా. శీతాకాలంలో తీసిన కొంగనే ఇప్పుడు మళ్ళీ తియ్యండి, అదే పక్షి అంటే నమ్మరు. గుడ్డికొంగ ఏడాదంతా మట్టిరంగులో గట్టు మీద బిచ్చగాడిలా కూచుంటుంది కదా, ఇప్పుడు దాని వీపు ముదురు వంకాయరంగు. పశువుల వెంట తిరిగే కొంగకి తల, మెడ పసుపు గంధం పూసినట్టు ఉంటాయి. చిన్న తెల్లకొంగకి తల వెనక రెండు పొడుగు ఈకలు వేలాడతాయి. పెద్ద తెల్లకొంగకైతే పసుపు ముక్కు నల్లబడి, కంటి ముందు చర్మం ఆకుపచ్చగా మారుతుంది. ఇవన్నీ జత కట్టే రోజుల సింగారాలు. అక్టోబరు దాకా ఆగితే అన్నీ పోతాయి.

మీవన్నీ తెల్ల పక్షులే కాబట్టి ఒక చిట్కా. కెమెరా తన లెక్కన వదిలేస్తే కొంగ ఈకలు సున్నం కొట్టినట్టు తెల్లగా పేలిపోతాయి. ఎక్స్‌పోజరు మైనస్ 0.7కో, మైనస్ 1కో దించండి. అదే కరెంటు వైరు మీది నల్లటి ఏట్రింతని తీసేటప్పుడైతే ప్లస్ 1. తిప్పడం మర్చిపోయి నేను పాడుచేసుకున్న ఫొటోలకి లెక్కలేదు.

కాలువగట్టు · ఏప్రిల్ 27, మధ్యాహ్నం 1:20

బాబాయిగారూ, మీకు దండం. నిన్న పొద్దున్న మా లాకు కింద మడుగు దగ్గర రెండు గంటలు కూచున్నా. అక్కడ చూసింది మీకు చెప్పకపోతే నిద్రపట్టదు.

నత్తగొట్టు కొంగలు ఐదున్నాయి. వాటిలో ఒకటి నాకు ఇరవై అడుగుల్లో. బురదలో ముక్కు పెట్టి తడుముకుంటూ పోయి పెద్ద నత్త ఒకటి తీసింది. పగలగొడుతుందనుకున్నా. లేదు! నత్తని నేలకి అదిమిపెట్టి, కింది ముక్కు మొన మెల్లగా మూత పక్కనుంచి లోపలికి దూర్చింది. తల అటూ ఇటూ ఆడించింది, తాళంచెవి తిప్పినట్టు. పావు నిమిషం పట్టిందేమో. మెత్తటి కండ మొత్తం బైటికొచ్చేసింది, ఒక్క గుటక. అది వెళ్ళాక గుల్ల తీసి చూశా, ఎక్కడా చిన్న బీటు కూడా లేదు.

ఇంకోటి గమనించా. ఐదింట్లో నాలుగింటికి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంది, ఒకదానికి లేదు. వేరే జాతా అండీ అది?

పాతబైనాక్యులర్ · ఏప్రిల్ 27, మధ్యాహ్నం 2:05

వేరే జాతి కాదు, కుర్రది. పుట్టుకతో ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. బాగా చూశావ్.

కైకలూరు కుర్రోడు · ఏప్రిల్ 27, సాయంత్రం 6:30

కోనసీమ వాళ్ళే మాట్లాడుకుంటే ఎలా అండీ, కొల్లేరు సంగతీ అడగండి. ఆటపాకలో గూడబాతు పిల్లలు తల్లంత అయ్యాయి, ఇంకా తల్లి గొంతులో తల దూర్చి తింటున్నాయి. పొద్దున్నే వస్తే గట్టు మీంచే దొరుకుతాయి. కానీ పదింటికి వచ్చి "ఫొటోలు మసకగా వచ్చాయి, లెన్సు పోయిందేమో" అనేవాళ్ళని రోజూ చూస్తున్నా. లెన్సుకేం కాలేదు బాబూ, వేడి సెగ అది. నీళ్ళ మీంచీ గట్టు మీంచీ లేచే సెగలో వంద మీటర్ల అవతల పక్షి ఎంత ఖరీదైన లెన్సుకైనా వణుకుతూనే కనపడుతుంది. ఎనిమిది దాటితే దూరం ఫొటోలు మానేయండి, దగ్గరున్నవే తియ్యండి.

రొయ్యలరైతు · ఏప్రిల్ 28, ఉదయం 5:50

నేను పక్షుల ప్రేమికుణ్ణి కాదండి, ముందే చెప్తున్నా. నాకు భీమవరం అవతల చెరువులున్నాయి. నీటికాకులు గుంపుగా దిగితే పెట్టుబడి పోతుంది, ఆ బాధ మీకు తెలీదు. మా అబ్బాయి ఈ పేజీ చూస్తుంటే నేనూ చదివా.

రెండేళ్ళ క్రితం అందర్లాగే సన్న నైలాన్ వల కట్టించా. ఒకరోజు పొద్దున్న చూస్తే ఒక గరుడపక్షి తలకిందులుగా వేలాడుతోంది, రెక్క విరిగి. పక్కనే కొంగలు నాలుగు. మా ఆవిడ ఆ రోజు చెరువు గట్టుకి రానంది, గరుడపక్షి అంటే మాకు దేవుడే. ఆ వల పీకించేసి, కంటికి కనపడే మందం తాళ్ళు బారెడేసి దూరంలో లాగించా, వాటికి మెరిసే రిబ్బను. నీటికాకులు కొన్ని ఇప్పటికీ దిగుతాయి, నష్టం ఉంది. కానీ పొద్దున్నే శవాలు ఏరే పని తప్పింది.

కాలువగట్టు · ఏప్రిల్ 28, ఉదయం 7:15

రైతుగారూ, మీలాంటి వాళ్ళు రాయాలండీ ఇక్కడ. ఒకసారి మీ గట్టు మీదికి రానిస్తారా?

రొయ్యలరైతు · ఏప్రిల్ 28, రాత్రి 8:00

రండి. చెప్పులు గేటు దగ్గరే విప్పాలి, మందు నీళ్ళలో కాళ్ళు కడుక్కుని రావాలి. చెరువుకి రోగాలు మనుషులవల్ల కూడా వస్తాయి, పక్షులవల్ల మాత్రమే కాదు.

షట్టర్_శీను · మే 3, మధ్యాహ్నం 12:48

ఫ్రెండ్స్, ఈ రోజు జాక్‌పాట్!! మా ఊరి పొలంలో తీతువు పిట్ట గూడు. నాలుగు గుడ్లు, నేల మీదే. మాక్రో లెన్సుతో పైనుంచి తీశా, అడుగు దూరం నుంచి. పిట్ట నెత్తిమీద ఒకటే అరుపు, దాన్ని కూడా తీశా. ఊరి పేరు, పొలం ఎటు వెళ్ళాలో కింద పెట్టా, ఎవరైనా వెళ్ళొచ్చు. లైకులు కొట్టండి.

నిర్వాహకుడు · మే 3, మధ్యాహ్నం 1:10

శీనూ, ఊరి పేరు, దారి తీసేశాను. గుడ్ల ఫొటో కూడా. ఈ వేదికలో గూళ్ళ ఆచూకీ పెట్టడం లేదు. కోపం తెచ్చుకోకు.

షట్టర్_శీను · మే 3, మధ్యాహ్నం 1:22

ఇదేంటండీ అన్యాయం! ముట్టుకోలేదు, కదపలేదు. నేను వెనక్కి రాగానే పది నిమిషాల్లో వచ్చి కూచుంది. తీతువు ఏమైనా పెద్దపులా? ఊరూరా ఉంటుంది. పైగా అది ఇంటి మీద అరిస్తే చావొస్తుందని మా నాయనమ్మ రాళ్ళేయిస్తది. నేను ఫొటో తీసి మంచి పేరే తెచ్చా కదా దానికి.

మడఅడవి · మే 3, మధ్యాహ్నం 1:40

తమ్ముడూ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే ఏంటో ఒకసారి చదువు. అడవి పక్షుల గుడ్లనీ గూళ్ళనీ చెదరగొట్టడం కూడా అందులోకే వస్తుంది. తుపాకీ అక్కర్లేదు.

షట్టర్_శీను · మే 3, మధ్యాహ్నం 1:44

అంటే నేను వేటగాణ్ణా? బాగుంది. ఈ గ్రూపులో సీనియర్లంతా ఇంతే. వెళ్ళిపోతున్నా.

పాతబైనాక్యులర్ · మే 3, మధ్యాహ్నం 3:30

ఉండవయ్యా శీనూ, ఎక్కడికీ వెళ్ళకు. నువ్వు గూడు కనిపెట్టావ్, అది చిన్న విషయం కాదు. మట్టిగడ్డల మధ్య మట్టిరంగు గుడ్లు, మీద నల్ల మచ్చలు. నా కళ్ళకైతే కాలికింద పడేదాకా కనపడవు. నీ కన్ను మంచిది.

ఇప్పుడు నేను చెప్పేది విను. మామూలుగా ఏ పిట్టైనా గుడ్లు చల్లారకుండా పొదుగుతుందనుకుంటాం. ఈ ఎండల్లో తీతువు చేసే పని తిరగబడింది. గుడ్లు ఉడికిపోకుండా నీడ పడుతుంది. మిట్టమధ్యాహ్నం అది కూచోదు, గుడ్ల మీద రెక్కలు కాస్త వదులుగా పెట్టి నిలబడుతుంది. నీళ్ళున్న చోటికి పోయి పొట్ట ఈకలు తడుపుకొని, పరిగెత్తుకుంటూ వచ్చి ఆ తడి గుడ్లకి పట్టిస్తుంది. ఆలూమగలు వంతులవారీగా. నువ్వు వెళ్ళింది పన్నెండున్నరకి. మా ఊళ్ళో ఆ టైముకి నీడలోనే 41 డిగ్రీలు. మట్టి ఎంత కాలుతోందో నీ అరికాలికి తెలుసు. ఆ పది నిమిషాలూ గుడ్లకి గొడుగు లేదు.

ఇంకోటి. నువ్వు అడుగు దూరంలో వంగి కూచున్నప్పుడు దగ్గర్లో కాకి ఉందేమో చూశావా? కాకి మనిషి ఎక్కడ వంగాడో గుర్తుపెట్టుకుంటుంది.

సముద్రం గుడ్లు ఎత్తుకుపోతే టిట్టిభ దంపతులు సముద్రం మీదికే యుద్ధానికెళ్ళిన కథ విన్నావుగా చిన్నప్పుడు? ఆ టిట్టిభమే ఈ తీతువు. చావు కబురు మోస్తుందని దాన్ని తిట్టేది మనం. అది అరిచేది ఒక్కందుకే, నా పిల్లల జోలికి రాకురా అని.

షట్టర్_శీను · మే 3, రాత్రి 10:55

కాకి ఉందండి. కరెంటు స్తంభం మీద. ఫొటో మూలలో పడింది, ఇప్పుడు పెద్దది చేసి చూశా.

ఏం చెయ్యమంటారు?

పాతబైనాక్యులర్ · మే 4, ఉదయం 5:05

ముందు అటు వెళ్ళకు, మూడు రోజులు. తర్వాత దారిన పోయేవాడిలా ఆగకుండా నడిచిపో, ఓరకంట చూడు. కూచునే ఉంటే సరే.

రొయ్యలరైతు · మే 4, ఉదయం 6:10

దానికి కాకి కంటే మంట పెద్ద గండం అండి. కోత మిషను కోసిన చేలో మోళ్ళు తగలబెట్టే రోజులివి. ఆ తర్వాత దుక్కులు. మట్టి లారీలు కూడా ఇప్పుడే తిరుగుతాయి. ఆ చేను ఎవరిదో కనుక్కుని చెప్పండి. కర్ర పాతకండి, ఎర్రగుడ్డ కట్టకండి. అలా చేస్తే ఊళ్ళో పిల్లలందరూ గుడ్ల కోసం అక్కడికే పోతారు. ట్రాక్టరు డ్రైవరుకి నోటిమాట చాలు.

కొబ్బరాకు · మే 9, సాయంత్రం 5:15

మధ్యలో వస్తున్నా, క్షమించండి. నేను ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయలేదు. పొద్దున్న మా పెరట్లో పనస చెట్టు కింద ఒక పిట్ట పడి ఉంది. కిటికీ అద్దానికి కొట్టుకుందనుకుంటా. అరచేతిలో పట్టేంత, తోక దాదాపు లేదు. వీపు ఆకుపచ్చ, కంటి మీంచి నల్లటి గీత, పొట్ట గంధంరంగు, తోక కింద కుంకుమ. రెక్క మీద నీలం ముక్క అద్దంలా మెరిసింది. మా అమ్మాయి ఇన్ని రంగులు పూసిందెవరమ్మా అంది.

అట్టపెట్టెకి చిల్లులు పెట్టి, పాత లుంగీగుడ్డ పరిచి, చీకటిగా మూసి ఉంచా. మా అత్తగారు నోట్లో నీళ్ళు పొయ్యమంటున్నారు. పొయ్యనా?

మడఅడవి · మే 9, సాయంత్రం 5:19

పొయ్యకండి మేడమ్! గొంతుకి అడ్డం పడితే చచ్చిపోతుంది. పెట్టె తెరవకుండా, ఫ్యాను కింద పెట్టకుండా, పిల్లలు తొంగిచూడకుండా ఒక గంట వదిలేయండి. చీకటి పడకముందే ఆ పనస కిందే మూత తియ్యండి.

అది పొన్నంకి పిట్ట. శీతాకాలమంతా దక్షిణాదిన గడిపి, వానలకి ముందు ఉత్తరానికి గూళ్ళు కట్టుకోడానికి పోతుంది. రాత్రిళ్ళు ప్రయాణం. తెల్లారేసరికి అలిసిపోయి మన కొబ్బరితోటల్లో దిగుతుంది. మే నెలలో ఆకుల కింద ఏదో గెంతుతున్న చప్పుడైతే ఒకసారి ఆగి చూడండి, కోడిపిల్ల అనుకోకండి.

కొబ్బరాకు · మే 9, సాయంత్రం 6:35

మూత తీశాక రెండు నిమిషాలు కదల్లేదు. గెంతింది, గెంతింది, అరటి బోదె వెనక్కి పోయింది. తర్వాత కనపడలేదు. ఫొటో తియ్యలేదండీ, చేతులు వణికాయి.

కైకలూరు కుర్రోడు · మే 9, రాత్రి 9:00

నేను పదేళ్ళుగా తిరుగుతున్నా, పొన్నంకిని ఒక్కసారీ చూడలేదు. ఈవిడకి పెరట్లో పడింది. దేవుడికి న్యాయం లేదు.

రేపు మే రెండో శనివారం అండోయ్, గ్లోబల్ బిగ్ డే, ప్రపంచమంతా ఒకే రోజు పక్షుల్ని లెక్కపెట్టే రోజు. చూసినవన్నీ ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు రాసే సైటు) ఎక్కించండి. మేడమ్‌గారూ, ఇవాళ్టి పొన్నంకిని ఇవాళ్టి తేదీతోనే వెయ్యాలి, రేపటి లెక్కలో కలపకూడదు.

మడఅడవి · మే 10, రాత్రి 8:20

మా లెక్క: కోరింగ మడ అడవిలో పొద్దున్న నాలుగు గంటలు, 46 జాతులు. ఆటు సమయానికి చెక్కబాట మీద మోకాళ్ళేసి కూచున్నా. బురద మీద గెంతే చేపలు, ఒక పెద్ద డాలు ఊపే ఎండ్రకాయలు, వాటి మీద కన్నేసిన లకుముకి. నీటికుక్కలు మూడు కాలవ దాటాయి, తలలు మాత్రం కనపడ్డాయి. బావురుపిల్లి అడుగులు బురదలో తాజాగా ఉన్నాయి. పిల్లి కనపడలేదు. అయిదేళ్ళలో నేను దాన్ని చూసింది ఒక్కసారి, సంధ్యవేళ, పది సెకన్లు. కోరింగ 1978లో అభయారణ్యం అయింది, 235 చదరపు కిలోమీటర్ల పైనే. అంత మడలో అది దాక్కోవాలనుకుంటే మనమెంత?

కుంభాభిషేకం రేవు దగ్గర వలస ఉల్లంకులు (బురదలో మేసే పిట్టలు) దాదాపు వెళ్ళిపోయాయి. ఏప్రిల్ ఆఖర్లో కర్లూ శాండ్‌పైపర్లు ఇటుకరంగుకి తిరిగాయి, చలికాలపు బూడిదరంగు పిట్టలు ఇవేనా అన్నట్టు. వచ్చే ఏడు ఎవరైనా అప్పుడే రండి.

కొత్తవాళ్ళకి ఒక హెచ్చరిక. మడలో ఆకుల చాటు కోసం కొమ్మలు విరవకండి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ఆసుపత్రే. మా పడవాయన ముందే చెప్తాడు, నేనే ఒకసారి వినలేదు.

షట్టర్_శీను · మే 12, రాత్రి 9:30

ఇన్నాళ్ళూ ఏం రాయలేదు, కోపం కాదు. చేను గలాయన్ని పట్టుకోడానికి నాలుగు రోజులు పట్టింది, కౌలుకిచ్చేశాడు. కౌలు రైతు నవ్వాడు. తీతువు గుడ్లకోసం చేను తగలబెట్టడం మానాలా అన్నాడు. నేను ఏం మాట్లాడలేదు. టీ తాగాం. తర్వాత ఆయనే అన్నాడు, ఆ మూల ఐదు సెంట్లు వదిలేస్తాలే, ఎటూ అక్కడ చవిటి, ఏం పండదు అని.

నిన్న మంట పెట్టాడు. నేను అవతలి గట్టు మీద ఉన్నా. మధ్యలో రెండు బారల వెడల్పున మోళ్ళు ముందే పీకేశాం, ఇద్దరం. మంట అక్కడిదాకా వచ్చి ఆగింది. పొగలో తీతువు లేచింది, అరిచింది, మళ్ళీ దిగింది.

పాతబైనాక్యులర్ · మే 12, రాత్రి 9:41

శీనూ, నీకు ఆ లైకులు ఇప్పుడు కొడుతున్నా.

కాలువగట్టు · మే 20, ఉదయం 10:00

మా ఇంటెదురు తలపోయిన కొబ్బరి మాను తొర్రలో పాలపిట్టలు చేరాయి. మగది ఆకాశంలోకి నిటారుగా పోయి, రెక్కలు మడిచి బోర్లాపడుతూ అరుస్తుంది. ఆ నీలం తీద్దామని నలభై సార్లు నొక్కా, ముప్పై తొమ్మిదింట్లో ఉత్త ఆకాశం. నలభయ్యోది తోక. షట్టరు 1/2500 పెట్టా. ఇంకేం చెయ్యాలి?

(2018లో మన రాష్ట్రపక్షి హోదా రామచిలుకకి ఇచ్చేశారు. పాలపిట్ట తెలంగాణకి మిగిలింది. మా మాను మీది జంటకి ఈ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.)

మడఅడవి · మే 20, ఉదయం 10:30

600 దగ్గర కాకుండా 300 దగ్గర పెట్టి తియ్యండి, ఫ్రేములో చోటు ఉంటుంది. తర్వాత కత్తిరించుకోవచ్చు. పైకి పోయేటప్పుడు వెంటపడకండి, తిరగబడే చోటు దాదాపు ఒకటే ఉంటుంది, అక్కడ కాచుకోండి. తొర్రకి మాత్రం ఎదురుగా నిలబడొద్దు, మీరుంటే మేత తేదు.

షట్టర్_శీను · మే 29, ఉదయం 7:50

నిన్న పొద్దున్న అవతలి గట్టు మీంచి, 80 మీటర్లు. పిట్ట కూచోలేదు, గూడు పక్కన అటూ ఇటూ తిరుగుతోంది. అడుగుల దగ్గర ఏదో కదిలింది. దూది ఉండలకి కాళ్ళొచ్చినట్టు మూడు. తల్లి ఒక్క అరుపు అరిచింది, మూడూ అక్కడే అతుక్కుపోయాయి. నేను చూస్తున్న చోటే ఉన్నాయి, కానీ కనపడలేదు! మళ్ళీ ఇంకో రకంగా అరిచింది, లేచి పరిగెత్తాయి. కాలువ వైపు తీసుకుపోయింది, ఆ తడి ఉన్న మడుగుకి.

నాలుగో గుడ్డు అలాగే ఉంది. సాయంత్రం దాకా చూశా. వాళ్ళు తిరిగి రాలేదు.

ఫొటో పెడుతున్నా. వేడి సెగలో అంతా వణికింది, పిల్లలు చుక్కల్లా ఉన్నాయి. నాకు ఇదే నచ్చింది.

కొబ్బరాకు · మే 29, ఉదయం 8:15

నాలుగోది ఎందుకు పగల్లేదంటారు? ఆ రోజు ఎండవల్లా?

పాతబైనాక్యులర్ · మే 29, ఉదయం 9:00

చెప్పలేమమ్మా. ఒక్కోసారి అన్నీ బాగున్నా ఒకటి పగలదు.

షట్టర్_శీను · మే 29, ఉదయం 9:04

నాకూ అదే డౌటు అండి మేడమ్. రోజూ.

కాలువగట్టు · జూన్ 7, రాత్రి 8:45

మాకు కాలువ వదిలారు. పొద్దున్న పుల్లలూ చెత్తా తోసుకుంటూ నురగతో వచ్చాయి నీళ్ళు, లాకు కింద మడుగు కలిసిపోయింది. కొంగలు లేవు, ఎటు పోయాయో. మా వేపచెట్టు మీద కాకి ఒకటి కోయిల పిల్లకి మేత పెడుతోంది. అది తిండి సరిపోలేదని కాకి మీదే అరుస్తోంది.

ఇంతకీ ఎవరి ఊళ్ళోనైనా గిజిగాడు మొదలెట్టాడా?

కైకలూరు కుర్రోడు · జూన్ 7, రాత్రి 9:10

మొదలెట్టాడు. చెరువు గట్టు తాడి మీద ఏడు గూళ్ళు, అన్నీ సగంలోనే. ఒకదాని మీదికి ఆడది వచ్చి వాలింది, లోపలికి తొంగిచూసింది, ఒక పోగు లాగి చూసింది, వెళ్ళిపోయింది. మగాడు కాసేపు అలాగే వేలాడి, మళ్ళీ ఆకు చీల్చుకు రావడానికి పోయాడు.